కాకి ‘కావ్’.. పాపాయికి తొలి పాఠం

* చప్పుళ్లను అనుకరించే ఆటలతోనే మాటలకు పునాది
* చేతిలో సెల్‌ఫోన్ పెడితే చేజారుతున్న విలువైన కాలం
* పిలుపునకు పలకని బిడ్డకు చెవి పరీక్ష తప్పనిసరి

నరసరావుపేట: తెల్లవారి ఏడు గంటలైనా కాకముందే మిరప కోతకు వెళ్లే కూలీల ఆటో వీధి మలుపు తిరిగింది. తల్లి ఆటో ఎక్కగా, పద్నాలుగు నెలల పాప అరుగు మీద నాయనమ్మ ఒడిలో మిగిలింది. ఎదుటి గోడపై కాకి వాలింది. ‘‘కాకి ఏమంటుందే తల్లీ?’’ అని నాయనమ్మ అడిగింది. పాప కాసేపు కాకిని, కాసేపు నాయనమ్మ నోటిని చూసి, పెదవులు సాగదీసి ‘‘ఆవ్.. ఆవ్’’ అంది. నాయనమ్మ మురిసిపోయి ‘‘కావ్.. కావ్’’ అని బదులిచ్చింది. పక్కింటి అరుగు మీద కూడా అదే ఈడు బాబు ఉన్నాడు. వాడి చేతిలో సెల్‌ఫోన్ ఉంది. అందులో రంగురంగుల బొమ్మలు ఎగురుతున్నాయి, పాటలు మోగుతున్నాయి. బాబు మాత్రం రెప్ప వేయకుండా చూస్తున్నాడే తప్ప, వాడి నోటి నుంచి చిన్న చప్పుడైనా రావడం లేదు.

పల్నాడు పల్లెల్లో ఏ వీధికి వెళ్లినా కనిపించే దృశ్యాలివి. చూసేవారికి రెండూ పిల్లల కాలక్షేపంగానే తోస్తాయి. కానీ ఒక అరుగు మీద భాషకు పునాది పడుతుండగా, రెండో అరుగు మీద ఆ అవకాశం చేజారుతోంది. కాకిలా అరవడం, ఆవులా ‘అంబా’ అనడం, బస్సులా ‘పాం పాం’ అనడం వంటి ఆటలు పసిపిల్లల మాటలకు తొలి మెట్లు. అంతేకాదు, బిడ్డ వినికిడిపై తల్లిదండ్రులకు తొలి అనుమానం కలిగించేవి కూడా ఇవే. పైసా ఖర్చు లేని ఈ ఆటలు ఎలా పనిచేస్తాయో, ఏ వయసులో ఎలా ఆడించాలో, ఎప్పుడు జాగ్రత్తపడాలో తెలుసుకుందాం.

‘ఉంగా’ నుంచి ‘అమ్మ’ దాకా..

బిడ్డ మాటలు నేర్వడం పుట్టాక మొదలయ్యేది కాదు. గర్భంలో ఆరో నెల దాటేసరికే శిశువు చెవులు శబ్దాలను గ్రహించడం ప్రారంభిస్తాయి. అందుకే పుట్టిన కొద్ది రోజులకే శిశువు తల్లి గొంతును ఇతరుల గొంతుల నుంచి వేరుగా గుర్తించగలుగుతుంది. రెండు, మూడు నెలలు వచ్చేసరికి ‘ఉంగా.. ఉంగా’ అంటూ గొంతు సవరించుకుంటుంది. ఆరు నుంచి పది నెలల మధ్య ‘బబబ’, ‘మమమ’, ‘దదద’ అంటూ ఒకే అక్షరాన్ని గొలుసులా పలుకుతుంది. ఏడాది నిండే సమయానికి తొలి మాట వస్తుంది. ఏడాదిన్నరకు కొన్ని మాటలు, రెండేళ్లకు ‘అమ్మ దా’, ‘పాలు కావాలి’ వంటి రెండేసి మాటల కూర్పు రావడం సాధారణ క్రమం. కొందరు పిల్లలు కొంచెం ముందు, కొందరు కొంచెం వెనుక ఉంటారు. మెట్ల వరుస మాత్రం దాదాపు అందరికీ ఒక్కటే.

ఈ మెట్లలో ప్రతిదానికీ అనుకరణే ఆధారం. బిడ్డ ముందు వింటుంది, తర్వాత ఎదుటివారి నోటి కదలికను గమనిస్తుంది, ఆ పైన తన నోటితో ప్రయత్నిస్తుంది. వచ్చిన చప్పుడును తన చెవితోనే మళ్లీ విని సరిదిద్దుకుంటుంది. చెవి, కన్ను, నాలుక, పెదవులు, ఊపిరి ఒక్కటిగా పనిచేయడం అలవాటయ్యేది ఈ ఆటల్లోనే.

పెదవులదే తొలి వరుస

పసిపిల్లలతో మనం వాడే తెలుగు మాటలను ఒక్కసారి గమనించండి. అమ్మ, అబ్బ, అవ్వ, బువ్వ, బొమ్మ, పాప, మామ.. అన్నింటిలోనూ ప, బ, మ, వ వంటి పెదవులతో పలికే అక్షరాలే కనిపిస్తాయి. పెదవులు మూసి తెరిస్తే చాలు, ఈ ధ్వనులు వస్తాయి. పైగా ఎదుటివారి పెదవుల కదలిక బిడ్డ కంటికి కనబడుతుంది కూడా. ఆ తర్వాతి వరుస నాలుక కొసను పళ్లకు ఆనించి పలికే త, ద, న లది. తాత, అత్త, నాన్న అనే పిలుపులు ఇందులోనివే. ర, ళ, ణ, ష వంటివి పలకడానికి నాలుకకు మరింత నేర్పు కావాలి. రాముడు ‘లాముడు’ కావడానికి, కుక్క ‘తుక్క’ కావడానికి కారణమిదే. పసివయసులో అది లోపం కాదు, ఎదుగుదలలో ఒక దశ మాత్రమే.

తల్లిదండ్రులను పిలిచే మాటలు ఒకదానికొకటి సంబంధం లేని భాషల్లోనూ ఒకేలా ఎందుకున్నాయన్న ప్రశ్న పండితులనూ ఆలోచింపజేసింది. ప్రసిద్ధ భాషాశాస్త్రవేత్త రోమన్ జాకబ్‌సన్ 1960లో ప్రచురించిన ఒక వ్యాసంలో ఈ విషయాన్నే చర్చించారు. శిశువుకు తేలికగా నోటికొచ్చే ధ్వనులనే పెద్దలు అమ్మకు, నాన్నకు పేర్లుగా స్వీకరించారని దాని సారాంశం. అంటే భాషను పెద్దలు పిల్లలకు నేర్పడమే కాదు, కొన్ని మాటలను పిల్లల నోటి నుంచి పెద్దలే ఎరువు తెచ్చుకున్నారన్నమాట.

మాట కంటే అరుపు ఎందుకు తేలిక?

‘పిల్లి’ అనే మాటకూ పిల్లికీ కంటికి, చెవికి తెలిసే సంబంధమేదీ లేదు. పెద్దలు అలా పిలుస్తారు కాబట్టి నేర్చుకోవలసిందే. ‘మ్యావ్’ అనే అరుపు అలా కాదు. అది పిల్లి నోటి నుంచే వస్తుంది. వస్తువునూ దాని చప్పుడునూ జతచేయడం బిడ్డకు సులువు. పైగా అరుపుల్లో ఒకే అక్షరం మళ్లీ మళ్లీ వస్తుంది. గొంతు పైకీ కిందికీ ఊగుతుంది. పలికే పెద్దల ముఖంలో కళ, కళ్లలో నవ్వు కనిపిస్తాయి. ఇవన్నీ పసిమనసును ఆకట్టుకునేవే. చిన్నపిల్లలకు వచ్చిన మాటలను లెక్కించేందుకు 1993లో అమెరికాలో వెలువడి, అనేక భాషల్లోకి వెళ్లిన మెక్‌ఆర్థర్-బేట్స్ పదపట్టికలో మొదటి విభాగమే జంతువుల అరుపులు, చప్పుళ్లది కావడం గమనార్హం.

ఈ విషయంలో తెలుగు ఇల్లు నిండు కుండ. కోడి ‘కొక్కొరొకో’, పిచ్చుక ‘కిచకిచ’, కప్ప ‘బెకబెక’, వాన ‘టపటప’, ఏరు ‘గలగల’, గంట ‘గణగణ’, పోపు గింజలు ‘చిటపట’.. ఇలా చప్పుడే మాటగా మారిన జంట పదాలు మన భాషలో కోకొల్లలు. భారతీయ భాషల్లో ఇటువంటి ధ్వన్యనుకరణ పదాలు విస్తారంగా ఉండడం ఉమ్మడి లక్షణమని ద్రావిడ భాషల పరిశోధకుడు ఎమెనో 1969లోనే రాశారు. మన కోడి ‘కొక్కొరొకో’ అంటే హిందీ వారి కోడి ‘కుక్డూ కూ’ అంటుంది, ఆంగ్లేయుల కోడి ‘కాక్ ఎ డూడుల్ డూ’ అంటుంది. కూసేది ఒకే కోడి అయినా, పలికే నోరు తన భాష అక్షరాల్లోనే పలుకుతుంది. అందువల్ల బిడ్డ కోడి కూత నేర్చినప్పుడు దానితో పాటే తెలుగు అక్షరాల పలుకుబడినీ నేరుస్తోందని గుర్తించాలి.

ఏ వయసులో ఏ ఆట?

* పుట్టిన నాటి నుంచి ఆరు నెలల వరకు: బిడ్డను ఒడిలో ఎదురుగా పెట్టుకోవాలి. మన ముఖం జానెడు, జానెడున్నర దూరంలో ఉండాలి. బిడ్డ ‘ఉంగా’ అంటే మనమూ ‘ఉంగా’ అనాలి. ఆ తర్వాత ఆగాలి. మనసులో అయిదు నుంచి పది అంకెలు లెక్కపెట్టేంత సేపు ఎదురుచూస్తే బిడ్డ మళ్లీ పలుకుతుంది. ‘నీ వంతు, నా వంతు’ అనే సంభాషణ మర్యాద బిడ్డకు తెలిసేది ఇక్కడే.

* ఆరు నుంచి పన్నెండు నెలలు: ‘బబబ’, ‘మమమ’ అని పలికి చూపాలి. పెదవులు ఆడించి ‘బుర్రు’మనడం, నాలుకతో ‘టక్ టక్’మని గుర్రపు నడక చప్పుడు చేయడం, బుగ్గలు పూరించి ‘ఉఫ్’ అని ఊదడం పిల్లలకు ఎంతో ఇష్టం. ఇవి పెదవులకు, నాలుకకు కసరత్తు. వీధిలో ఆవు అరిస్తే ఆ వైపు చూపించి ‘అంబా’ అనాలి. వస్తువు కళ్లెదుట ఉన్నప్పుడే చప్పుడు పలకడం ముఖ్యం.

* పన్నెండు నుంచి పద్దెనిమిది నెలలు: ‘‘మేక ఏమంటుంది?’’ అని అడిగి ఆగాలి. బిడ్డ చెప్పకపోతే మనమే ‘మే..మే’ అని ముందుకు సాగాలి తప్ప రెట్టించకూడదు. ఇంటి పనులన్నీ ఇందుకు పాఠాలే. రోలు దంచేటప్పుడు ‘దబ్ దబ్’, పోపు వేసేటప్పుడు ‘చుయ్’, బిందెలో నీళ్లు పోసేటప్పుడు ‘బుడబుడ’ అంటూ చేసే పనికి చప్పుడు జోడించాలి.

* పద్దెనిమిది నెలల నుంచి మూడేళ్లు: ఇప్పుడు చప్పుడు నుంచి మాటకు, మాట నుంచి వాక్యానికి దారి వేయాలి. బిడ్డ ‘భౌ భౌ’ అంటే ‘‘అవును, కుక్క! కుక్క భౌ భౌ అంటోంది’’ అని ఒక మెట్టు పెంచి చెప్పాలి. తలుపు చాటున ఉండి పిల్లిలా అరిచి ‘‘ఎవరొచ్చారు?’’ అని అడగవచ్చు. పెద్ద పులిలా గట్టిగా, ఎలుకలా మెల్లగా పలికించవచ్చు. కథ చెబుతూ అరుపుల వంతు పిల్లలకు వదిలేస్తే వారే కథలో పాత్రధారులవుతారు.

ఏ వయసులోనైనా కొన్ని నియమాలు ఒక్కటే. బిడ్డ తల తిప్పుకున్నా, కళ్లు నులుముకున్నా ఆట ఆపేయాలి. తప్పు పలికితే వెక్కిరించకుండా సరైన మాటను మనం ఒకసారి పలికితే చాలు. చుట్టాల ముందు ‘‘చెప్పు, చెప్పు’’ అని ఒత్తిడి చేయడం, బూచి అరుపులతో భయపెట్టడం మంచిది కాదు. గంటల తరబడి కూర్చోనక్కర్లేదు. స్నానం, అన్నం, ఊయల, అరుగు.. రోజువారీ పనుల మధ్యలో అయిదేసి నిమిషాలు ఆడించినా సరిపోతుంది. నాయనమ్మ, తాతయ్య, అక్క, అన్న ఎవరైనా ఆడించవచ్చు. పగలంతా పొలంలో ఉండే తల్లి రాత్రి పక్క మీద ఆడించినా ఫలితముంటుంది.

ఫోన్ ఎందుకు నేర్పలేదు?

‘‘ఫోన్‌లోనూ ఆవు ‘అంబా’ అంటుంది కదా, తేడా ఏమిటి?’’ అని అడిగేవారున్నారు. దీనికి సమాధానం ఒక ప్రయోగంలో దొరుకుతుంది. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ప్యాట్రీషియా కూల్ బృందం ఇంగ్లిషు మాట్లాడే ఇళ్లలోని తొమ్మిది నెలల శిశువులను ఎంచుకుంది. కొందరి ఎదుట చైనా వారి మాండరిన్ భాష మాట్లాడే మనుషులను కూర్చోబెట్టి 12 విడతలు ఆడించారు. మరికొందరికి ఆ మాటలనే వీడియోలో చూపించారు, ఇంకొందరికి వినిపించారు. మనుషులతో ఆడిన శిశువులు ఆ భాషలోని ధ్వనుల భేదాన్ని పట్టుకోగలిగారు. వీడియో చూసినవారికి, కేవలం విన్నవారికి అది అబ్బలేదు. 2003లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. తల్లి వెంటనే చిరునవ్వుతోనో, స్పర్శతోనో స్పందించినప్పుడు ఎనిమిది నెలల శిశువుల పలుకులు మరింత స్పష్టమైన రూపు దిద్దుకుంటున్నాయని మైఖేల్ గోల్డ్‌స్టీన్ బృందం అదే ఏడాది వెల్లడించింది.

ఫోన్ బిడ్డ కోసం ఆగదు. బిడ్డ ‘ఆవ్’ అంటే మురిసి ‘కావ్’ అని బదులివ్వదు. అందులో ఒకరే పలుకుతారు, రెండో వంతు లేదు. ఏడాది లోపు పిల్లలకు తెర అసలే వద్దని, రెండేళ్ల వయసులో రోజుకు గంటకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. రెండేళ్లు నిండే వరకు తెర చూపవద్దని భారత శిశువైద్యుల సంఘం 2021 మార్గదర్శకాల్లో స్పష్టం చేసింది. దూరాన ఉన్న తండ్రితో వీడియోలో మాట్లాడించడం వేరు, గంటల తరబడి బొమ్మలు చూపడం వేరు. కూలికి వెళ్లే తల్లిని, ఓపిక ఉడిగిన నాయనమ్మను తప్పుపట్టి ప్రయోజనం లేదు. ఆ చేతిలో ఫోన్‌కు బదులు ఒక గిలక పెట్టి, పక్కన కూర్చుని నాలుగు మాటలాడడం వల్ల మేలెంతో వారికి చెప్పేవారు కావాలి.

వస పోస్తే మాటలు రావు

గలగలా మాట్లాడేవారిని ‘వసపిట్ట’ అనడం మనకు అలవాటు. మాటలు త్వరగా రావాలని పసిపిల్లల నాలుకకు వసకొమ్ము అరగదీసి రాసే ఆచారం పల్లెల్లో ఇంకా ఉంది. వస వల్ల మాటలు వస్తాయనడానికి ఆధారం లేదు సరికదా, వాంతులు వంటి ఇబ్బందులు తలెత్తే ప్రమాదముంది. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మరేదీ పెట్టరాదన్నది వైద్యుల మాట. చెవిలో నూనె పోయడం, పుల్లలతో గెలకడం కూడా మానుకోవాలి. చెవిలో చీము కారుతుంటే వెంటనే వైద్యునికి చూపించాలి. నిర్లక్ష్యం చేస్తే వినికిడి తగ్గి, ఆ ప్రభావం మాటలపై పడుతుంది.

మా ఇంట్లో జరిగిందిది..

ఈ కథనం రాయడానికి ఈ విలేకరి కుటుంబంలోని అనుభవమే ప్రేరణ. మా అక్కగారి కూతురిది మేనరికం పెళ్లి. ఆమెకు పుట్టిన బాబు తొలి నెలల్లో అందరి పిల్లల్లాగే ‘ఉంగా’ కొట్టాడు. ఎవరికీ అనుమానం రాలేదు. తొమ్మిది నెలలు దాటాక వాడి చప్పుళ్లు పెరగకపోగా తగ్గాయి. ‘‘వాళ్ల నాన్నకూ మూడేళ్లకు గానీ మాటలు రాలేదు’’ అన్నారు పెద్దలు. నేనూ దానికే వంత పాడాను. చూపించిన చోట వైద్యుడు సైతం మూడేళ్లు రానివ్వండి అన్నారు. రెండో ఏట దీపావళి రాత్రి వీధి దద్దరిల్లేలా టపాకాయలు పేలుతుంటే పిల్లలంతా ఉలిక్కిపడి ఏడ్చారు. వాడు మాత్రం ఊయలలో కదలకుండా నిద్రపోయాడు. అది గమనించింది చదువురాని మా అక్క ఒక్కతే. పరీక్ష చేయిస్తే రెండు చెవులకూ తీవ్రమైన వినికిడి లోపం ఉన్నట్లు తేలింది. చెవి యంత్రాలు, ఆ పైన శస్త్రచికిత్స, ఏళ్ల తరబడి మాటల శిక్షణ.. ఇప్పుడు బాబు బడికి వెళుతున్నాడు, మాట్లాడుతున్నాడు. కానీ ఈడు పిల్లలను అందుకోవడానికి ఇప్పటికీ శ్రమపడుతున్నాడు. ఏడాది ముందే కాకిని చూపించి ‘కావ్’ అని, వాడు తిరిగి అనడం లేదేమని అడిగి ఉంటే ఆ ఏడాది మిగిలేది.

పుట్టు చెవుడు ఉన్న శిశువులు కూడా తొలి నెలల్లో గొంతుతో చప్పుళ్లు చేస్తారు. ‘బబబ’ అనే దశకు వచ్చేసరికే తేడా బయటపడుతుంది. అందుకే ‘ఉంగా’ అన్నాడు కదా అని ధీమా పడరాదు. దగ్గరి బంధువుల మధ్య వివాహాలు, కుటుంబంలో పుట్టు చెవుడు, తక్కువ బరువుతో పుట్టడం, తీవ్రమైన పసికర్లు, మెదడువాపు జ్వరం, గర్భిణికి రుబెల్లా సోకడం వంటి కారణాలుంటే మరింత అప్రమత్తంగా ఉండాలి.

ఈ లక్షణాలుంటే ఆలస్యం వద్దు

* పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడకపోవడం
* ఆరు నెలలు దాటినా చప్పుడు వచ్చిన వైపు తల తిప్పకపోవడం
* పది నెలలు దాటినా ‘బబబ’, ‘మమమ’ రాకపోవడం
* ఏడాది దాటినా పేరు పిలిస్తే చూడకపోవడం, వేలితో చూపించకపోవడం, చేతులూపడం వంటి సైగలు అనుకరించకపోవడం
* ఏడాదిన్నరకు మాటలేవీ రాకపోవడం
* రెండేళ్లకు రెండు మాటలు కలపలేకపోవడం
* ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోవడం

ఇంట్లో పళ్లెం మోగించి చూసి వినబడుతోందని నిర్ణయించుకోవడం సరికాదు. మన చేయి కదలికను చూసో, నేల అదురును పసిగట్టో బిడ్డ తిరిగి చూడవచ్చు. వినికిడిని తేల్చేవి ఓఏఈ, బెరా పరీక్షలే. బిడ్డ నిద్రపోతుండగా నొప్పి లేకుండా చేస్తారు. నెల లోపు పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు చికిత్స ప్రారంభం అన్నది వైద్యరంగం పాటించే సూత్రం. చెవులు బాగున్నా బిడ్డ కళ్లలోకి చూడకపోతే, అనుకరణపై ఆసక్తి చూపకపోతే ఆటిజం వంటి ఇతర కారణాలుండవచ్చు. వాటినీ శిశువైద్యులే నిర్ధారించాలి.

ఎక్కడ చూపించాలి?

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన నాటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలకు ఉచితంగా పరీక్షలు చేయాలి. పుట్టు చెవుడు, మాటల ఆలస్యం కూడా ఈ జాబితాలో ఉన్నాయి. మార్గదర్శకాల ప్రకారం సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీ కేంద్రాలకు ఏడాదికి రెండుసార్లు రావాలి. అవసరమైన పిల్లలను జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. బృందం ఎప్పుడు వస్తుందో అంగన్‌వాడీ కార్యకర్తను, ఆశా కార్యకర్తను అడిగి తెలుసుకోవాలి. సికింద్రాబాద్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రంలో వినికిడి, మాటల సమస్యలకు సేవలున్నాయి. కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్సకు కేంద్ర ప్రభుత్వ ఎడిప్ పథకంలో సాయం అందుతుంది. దీనికి వయసు పరిమితి ఉన్నందున ఒక్కో నెల ఆలస్యమూ బిడ్డకు నష్టమే.

అంగన్‌వాడీల పూర్వ ప్రాథమిక విద్య మూడేళ్లు దాటిన పిల్లలకు. మాటలకు పునాది పడేది మాత్రం అంతకు ముందే, ఇంట్లోనే. కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 2024లో తెచ్చిన ‘నవచేతన’ కూడా పుట్టిన నాటి నుంచి మూడేళ్ల వరకు ఇంట్లో ఆడించవలసిన ఆటలకే ప్రాధాన్యమిచ్చింది. టీకాల రోజున, పౌష్టికాహారం అందించే రోజున కార్యకర్తలు తల్లులకు, నాయనమ్మలకు ఈ ఆటలను చేసి చూపిస్తే ఫలితం ఊరంతటికీ దక్కుతుంది.

సాయంత్రం కోత కూలీల ఆటో తిరిగి వచ్చింది. మిరప ఘాటు అంటిన చేతులు కడుక్కుని తల్లి అరుగెక్కగానే, పాప గోడ వైపు వేలు చూపి ‘‘ఆవ్’’ అంది. గోడ మీద కాకి లేదు. పొద్దున చూసినదాన్ని సాయంత్రం అమ్మకు చెబుతోంది. ‘‘కాకి వచ్చిందా తల్లీ?’’ అని అమ్మ అడిగింది. పాప తలూపింది. అది ఇక అరుపు కాదు, కబురు.